చిన్న పట్టాలపై గనుల చరిత్ర

పామేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న అటవీ గ్రామం. పూర్వం ఇది బస్తర్ సంస్థానంలో భాగం. కాకతీయ సామ్రాజ్యం పతనమైన పిమ్మట అన్నమదేవుడు ఓరుగల్లు నుండి గోదావరి దాటి వచ్చి ఆ రాజ్యాన్ని నెలకొల్పినాడని సంప్రదాయం చెబుతుంది. ఇక్కడి అడవిలో 262 చదరపు కిలోమీటర్ల భాగాన్ని అడవి ఎనుముల రక్షణ కోసం అభయారణ్యంగా ప్రకటించారు. సొంత జిల్లా కేంద్రమైన బీజాపూర్ నుండి పామేడు చేరుకోవాలన్నా, అనేక దశాబ్దాలపాటు తెలుగునాటి చర్ల మీదుగానే చుట్టి రావలసి వచ్చేది. సరిహద్దు గీత ఎక్కడ ఉన్నా, సంత, వైద్యం, రాకపోకలు తెలుగువారితోనే ముడిపడి ఉన్న ప్రాంతమిది.

పామేడుకు రైలు లేదు. కాని దానికి ఇరువైపులా భారతదేశపు ఖనిజ చరిత్రలో ప్రసిద్ధి చెందిన రెండు రైలు మార్గాలు ఉన్నాయి. ఈశాన్యాన బైలదిల్లా కొండల ఇనుప రాయిని విశాఖపట్నానికి చేరవేసే కిరందుల్ మార్గం ఒకటి. నైరుతిన, గోదావరికి ఆవల, ఇల్లెందు, కొత్తగూడెం బొగ్గును మోసుకుపోయే సింగరేణి మార్గం రెండవది. ఈ రెండింటి మీద నడిచిన ఇంజన్ల గురించి, వంతెనల గురించి ఎంతో కొంత గ్రంథస్థమయింది. కాని ఆ పెద్ద పట్టాల వద్దకు బొగ్గును చేర్చిన చిన్న పట్టాలు, వాటి మీద దొర్లిన చిన్న బండ్లు చరిత్రలో తగిన చోటు పొందలేదు. గని కార్మికుని జీవితం ప్రధానంగా గడిచినది మాత్రం ఆ చిన్న పట్టాల పక్కనే.

బొగ్గు వెంట వచ్చిన రైలు

ఇల్లెందును ఆ ప్రాంతపు ప్రజలు బొగ్గుట్ట అని పిలుచుకొంటారు. భద్రాచల యాత్రకు పోతున్న భక్తులు వంటకు నల్లని రాళ్లను పొయ్యిగా అమర్చుకోగా అవే అంటుకొని మండినాయని అక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎట్లా ఉన్నా, శాస్త్రీయంగా ఆ బొగ్గును గుర్తించినది భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్. అది 1871 నాటి మాట.

నిజాం రాజ్యంలో రైలు, గని అనే రెండు మాటలు తొలి నుండి విడదీయరానివిగా సాగినవి. వాడి నుండి హైదరాబాదుకు 1874లో రైలు వచ్చింది. దానిని తూర్పుగా పొడిగించాలన్న ఆలోచనకు బలమైన ప్రేరణలలో ఖనిజ సంపద ఒకటి. 1883లో చాందా రైలు పథకంపై హైదరాబాదులో పెద్ద వివాదం చెలరేగింది. రాజ్యం విదేశీ పెట్టుబడిదారులకు భారీ హామీలు ఇవ్వడాన్ని విద్యావంతులు బహిరంగంగా ప్రశ్నించారు. వారిలో ముఖ్యుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయ నగరం విడిచిపోవలసి వచ్చింది. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. దక్కనులో ప్రజాభిప్రాయం మొదటిసారిగా గొంతు విప్పిన సందర్భాలలో దీనిని చరిత్రకారులు పేర్కొంటారు.

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. ఆ హక్కుల వాటాల క్రయవిక్రయాలలో జరిగిన వ్యవహారం లండన్ దాకా పోయి, 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ప్రత్యేక సంఘం చేత విచారణకు వచ్చింది. ఇంత రభస నడుమ 1889లో సింగరేణి బొగ్గు ఉత్పత్తి ఆరంభమయింది. అదే సంవత్సరం నిజాం రైలు మార్గం బెజవాడను తాకింది. డోర్నకల్ నుండి ఇల్లెందుకు శాఖామార్గం ఏర్పడడంతో దక్షిణ భారతదేశపు రైలు ఇంజన్లకు దగ్గరలోనే బొగ్గు లభించసాగింది. అంతవరకు వాటికి బొగ్గు సముద్రం మీదుగానో, దూరపు బెంగాల్ నుండో రావలసి ఉండేది. రైలు బొగ్గును మోసింది, ఆ బొగ్గే రైలును నడిపించింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నమోదయింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అందులో అధిక వాటాలు కొనుగోలు చేసింది. అందువలన 1970లలో దేశంలోని ఇతర బొగ్గు గనులు జాతీయం అయ్యేనాటికి సింగరేణి అప్పటికే ప్రభుత్వ సంస్థ.

పట్టా వెడల్పు వెనుక లెక్క

ఇల్లెందు, కొత్తగూడెం స్టేషన్లకు వచ్చిన రైలు పట్టాలు బ్రాడ్‌గేజివి. వాటి నడుమ ఎడం 1,676 మిల్లీమీటర్లు. ఇంత వెడల్పైన దారికి విశాలమైన మలుపులు, బలమైన గట్లు, సమతలం కావాలి. భూగర్భంలో బొగ్గు పొరను వెంటాడుతూ పోయే సొరంగంలో ఇవేవీ దొరకవు. పొర ఎటు వాలితే దారి అటు వాలుతుంది. ఎంత ఎత్తున బొగ్గు ఉంటే అంతే ఎత్తున పైకప్పు ఉంటుంది. కనుక ప్రపంచమంతటా గనుల లోపల ఇరుకు పట్టాలనే పరిచారు. అవి తేలిక, చవక. నలుగురు మనుషులు మోసుకుపోయి ముందుకు పరచవచ్చు, అవసరం తీరాక ఊడబెరికి మరొక చోట వేయవచ్చు. బ్రాడ్‌గేజి మార్గం ఒకసారి వేస్తే శతాబ్దం ఉంటుంది. గనిలోని దారి బొగ్గు ముఖంతో పాటు జరుగుతూ ఉంటుంది.

గని రైలుకు మరొక విశేషం ఉంది. సాధారణ రైలులో ఇంజను కదులుతుంది. బొగ్గు గనిలో ఇంజను ఒక చోట నిలిచి ఉంటుంది, ఇనుప తాడు కదులుతుంది. మండే వాయువులు పుట్టే చోట నిప్పుల పొయ్యితో ఆవిరి ఇంజను తిరగడం సాధ్యం కాదు. అందుచేత పైన గాని, లోపల సురక్షితమైన స్థలంలో గాని హాలేజి యంత్రాన్ని స్థాపించి, దాని డ్రమ్ముకు చుట్టిన తాడుతో బండ్లను లాగేవారు. వాలుదారిలో ఒక వరుస బండ్లను తాడు కొసకు తగిలించి పైకి లాగే పద్ధతి ఒకటి. పట్టాల నడుమ ఎడతెగక తిరిగే తాడుకు బండ్లను క్లిప్పులతో తగిలించే పద్ధతి మరొకటి. తాడు తెగినా, కొక్కెం జారినా బండ్లు వాలు వెంట దూసుకుపోతాయి. ఆ ప్రమాదాన్ని ఆపేందుకే స్టాప్‌బ్లాకులు, బండ్లను పట్టాల మీద నుండి తప్పించే స్విచ్చులు, చివరి బండికి తగిలించే ఊతకడ్డీలు వచ్చాయి. గని భద్రతా నియమావళిలో ఈ చిన్న ఇనుప ముక్కలకు పెద్ద స్థానం ఉంది. వాటిలో ప్రతి ఒక్కదాని వెనుక ఎక్కడో జరిగిన ప్రమాదం ఉంది.

టబ్బు అనే కొలపాత్ర

ఈ చిన్న పట్టాల మీద తిరిగిన బండిని సింగరేణి ప్రాంతంలో టబ్బు అంటారు. నాలుగు చక్రాల మీద ఇనుప రేకు తొట్టె, ముందు వెనుకల తగులు కొక్కేలు, ఇంతే దాని నిర్మాణం. టన్నుకు అటూ ఇటూగా బొగ్గు పడుతుంది. స్టేషనులో నిలిచిన వ్యాగనుతో పోల్చితే అది పిల్లల బొమ్మవలె ఉంటుంది. కాని ఆ వ్యాగనులోకి చేరిన బొగ్గంతా ముందు టబ్బులోకి చేతులతో ఎత్తినదే.

బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో గదులు గదులుగా బొగ్గు తవ్వి, నడుమ స్తంభాలు వదిలేవారు. మందుపాతర పేల్చి రాలిన బొగ్గును ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో టబ్బుకు ఎత్తేవారు. చెమ్మస్ అంటే పార. నిండిన టబ్బులను ట్రామర్లు భుజం ఆనించి హాలేజి తాడు దాకా నెట్టేవారు. దేశంలోని బొగ్గు గనులలో చాలాకాలం ఫిల్లర్ల కూలి నింపిన టబ్బుల లెక్కన ఉండేది. అందువలన టబ్బు రవాణా సాధనం మాత్రమే కాదు, శ్రమను కొలిచే పాత్ర కూడా. తొట్టె ఒక అంగుళం పెరిగితే కార్మికుని వెన్నుకు అంత భారం పెరుగుతుంది, కూలి మాత్రం పెరగదు. ఖాళీ టబ్బులు సమయానికి లోపలికి రాకపోతే బొగ్గు ఎదుటే ఉన్నా ఆనాటి కూలి పడిపోతుంది. టబ్బుల కొరత, టబ్బు కొలత, టబ్బును నెట్టవలసిన దూరం అనేవి బొగ్గు పరిశ్రమలో కార్మిక వివాదాలకు పదేపదే కారణమయినవి. 1975 జనవరి 1 నుండి అమలైన తొలి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం నాటి నుండి వేతనాల స్వరూపం క్రమంగా మారుతూ వచ్చింది.

సాంకేతిక విజ్ఞానం కూడా మారింది. 1970లలో రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ గనులు మొదలైనవి. 1983లో గోదావరిఖనిలో లాంగ్‌వాల్ యంత్రం దిగింది. తరువాత బొగ్గును ఎత్తిపోసే ఎస్.డి.ఎల్. యంత్రాలు, బెల్టు కన్వేయర్లు తట్టా చెమ్మస్ పనిని తొలగించాయి. కార్మికుని నడుముకు ఇది విముక్తి. అయితే నేడు సింగరేణి ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుండే వస్తున్నది. పాత భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడినప్పుడు లోపలి పట్టాలు, టబ్బులు, హాలేజి డ్రమ్ములు లెక్కల పుస్తకంలో పాత ఇనుముగా మిగులుతాయి. వాటితో పాటు ఒక శతాబ్దపు పనితనం, దాని మాటలు కూడా మరుగునపడే ప్రమాదం ఉంది.

ఆవలి ఒడ్డున ఇనుప రాయి

పామేడుకు మరొక వైపున జరిగిన చరిత్ర ఇందుకు భిన్నమైనది. బైలదిల్లా ఇనుప రాయిని జపానుకు ఎగుమతి చేసే ఒప్పందం 1960లో కుదిరింది. దాని కోసమే 1960లలో కొత్తవలస నుండి కిరందుల్ వరకు సుమారు 446 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి మార్గం తూర్పు కనుమలను చీల్చుకొని పోయింది. 58 సొరంగాల గుండా సాగే ఈ మార్గంలో శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. 1968 నుండి జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ బైలదిల్లాలో ఉత్పత్తి సాగించింది. డీజిల్ ఇంజన్లతో మొదలైన రవాణా, 1980ల తొలి సంవత్సరాలలో విద్యుత్ ఇంజన్లకు మారింది. కనుమ ఎక్కే బరువు రైళ్లకు ఒక్క ఇంజను చాలదు, రెండేసి మూడేసి ఇంజన్లు జతపడవలసిందే.

ఇక్కడ టబ్బు లేదు. కొండ మీది రాయి యంత్రాలలో నలిగి, బెల్టుల మీద కిందికి దిగి, నేరుగా వ్యాగన్లలో పడుతుంది. 2000ల మధ్య నుండి నలిగిన ఖనిజాన్ని నీటితో కలిపి 267 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో విశాఖకు పంపే ఏర్పాటు కూడా వచ్చింది. అందులో పట్టాలు లేవు, బండి కూడా లేదు. ఇల్లెందులో మనిషి భుజంతో మొదలైన గని రవాణా, బైలదిల్లాలో మనిషి చేయి తగలకుండానే సముద్రాన్ని చేరింది. పామేడుకు అటూ ఇటూ ఉన్న ఈ రెండు ప్రాంతాలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక శతాబ్దపు పారిశ్రామిక పరిణామం మొత్తం గోచరిస్తుంది.

వేల్స్‌లో ఒక చిన్న రైలు

మూతబడిన గని రైలును నిలబెట్టుకోవడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం చక్కని సమాధానం ఇచ్చింది. అక్కడి టాలిల్లిన్ రైలు మార్గం పలకరాతి గని కోసం పుట్టినది. అమెరికా అంతర్యుద్ధం వలన 1860లలో పత్తి దిగుమతి నిలిచిపోగా, మాంచెస్టరు మిల్లు యజమానులు తమ పెట్టుబడిని బ్రిన్ ఎగ్లూయిస్ అనే పలకరాతి గనికి మళ్లించారు. అదే పత్తి కరువు భారతదేశంలో పత్తి ధరను ఒక్కసారిగా పెంచిన సంగతి తెలిసినదే.

ఈ మార్గపు పట్టాల ఎడం 686 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 11.7 కిలోమీటర్లు. 1864లో తయారైన ‘టాలిల్లిన్’, 1866 నాటి ‘డోల్గోక్’ అనే రెండే ఇంజన్లు దశాబ్దాలపాటు దాని సమస్త సంపద. గని నుండి దిగువకు వచ్చే వాలులో ఇంజను లేదు, అక్కడ పనిచేసినది తాడే. నిండు బండ్లు కిందికి దిగుతూ ఖాళీ బండ్లను పైకి లాగేవి. దారిలోని వంతెనలు ఎంత ఇరుకంటే, పెట్టెలకు ఒకే వైపు తలుపులు ఉంచవలసి వచ్చింది. ఒకటిన్నర శతాబ్దం దాటినా ఆ తొలి పెట్టెలు నేటికీ ఆ రైలు సంపదలో భాగంగానే ఉన్నాయి.

1946 డిసెంబరులో గనిలో రాళ్లు కూలి పని నిలిచిపోయింది. 1950లో యజమాని మరణించాడు. అప్పటికి ‘డోల్గోక్’ ఒక్కటే, అదీ అంతంత మాత్రంగా, నడుస్తున్నది. ఆ స్థితిలో టామ్ రోల్ట్ అనే రచయిత, మరికొందరు పౌరులు కలసి ఒక సంఘంగా ఏర్పడి, జీతం లేని సేవకులతోనే 1951 మే 14న తిరిగి రైలును నడిపించారు. స్వచ్ఛంద సేవతో ఒక రైలు మార్గాన్ని కాపాడుకోవడం ప్రపంచంలో ఇదే మొదటిసారి. ఇంజన్లు చాలనప్పుడు, 1948లో మూతబడిన పొరుగు మార్గం కోరిస్ నుండి అదే పట్టా కొలత గల రెండింటిని తెచ్చారు. వేరొక కొలతకు తయారైన ఇంజనును చక్రాల ఎడం మార్చి వాడుకొన్నారు. 1991లో సేవకు వచ్చిన ‘టామ్ రోల్ట్’ ఇంజనులో ఐర్లాండు పీటు నేలల్లో తిరిగిన పాత ఇంజను భాగాలు ఉన్నాయి. ఇంగ్లీషు పిల్లల కథలలో ప్రసిద్ధుడైన ఆడ్రీ అనే మతాచార్యుడు తొలి సంవత్సరాలలో అక్కడ గార్డుగా సేవ చేసి, ఆ ఇంజన్లనే తన కథలలో పాత్రలుగా మలచాడు.

అయితే ఆ ఉద్యమం ఇంజన్లతోనే తృప్తి చెందలేదు. 1950లలోనే అక్కడ ఇరుకు పట్టాల రైళ్లకు ఒక మ్యూజియం వెలిసింది. పలకరాయి మోసిన బండ్లను కూడా ఇంజన్లతో సమానంగా సేకరించి భద్రపరచారు. 2021లో యునెస్కో వాయవ్య వేల్స్ పలకరాతి ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, గనిని, కార్మికుల ఊరిని, ఈ రైలు మార్గాన్ని ఒకే అంశంగా పరిగణించింది. గని లేకుండా రైలు లేదు, ఊరు లేకుండా గని లేదు అన్నది ఆ గుర్తింపులోని సారాంశం.

నిలుపవలసినది ఏది?

భారతదేశం చిన్న పట్టాల విలువ ఎరుగని దేశం కాదు. 610 మిల్లీమీటర్ల డార్జిలింగ్ మార్గం 1999లో, నీలగిరి మీటరుగేజి మార్గం 2005లో, 762 మిల్లీమీటర్ల కాల్కా–సిమ్లా మార్గం 2008లో ప్రపంచ వారసత్వ గౌరవం పొందినవి. ఇవన్నీ ప్రయాణికుల కొండదారులు, ప్రకృతి సౌందర్యం వాటికి తోడు నిలిచింది. తెలుగువారికి సుపరిచితమైన నౌపడా–పర్లాకిమిడి చిన్నరైలు 1900లో ఆరంభమై 2004 వరకు నడిచింది. 2011 నాటికి గుణుపురం దాకా అది బ్రాడ్‌గేజిగా మారిపోయింది. దాని మీద ప్రయాణించిన తరాలకు జ్ఞాపకాలైనా మిగిలినవి. గని రైలులో ప్రయాణికులు లేరు, కిటికీ పక్క దృశ్యాలు లేవు. దాని జ్ఞాపకం దానిని నెట్టినవారిది మాత్రమే.

ఇంజనును దిమ్మె మీద నిలిపి రంగులు వేస్తే చూపరులకు ముచ్చటగా ఉంటుంది. కాని గని రైలులో ఇంజను కథ సగమే. పట్టాల నడుమ తిరిగిన తాడు, దానిని పట్టిన క్లిప్పు, వాలులో పారిపోయే బండిని ఆపిన స్టాప్‌బ్లాకు, కూలిని కొలిచిన టబ్బు కలిస్తేనే అది రైలు అవుతుంది. మూతపడే భూగర్భ గని ముఖద్వారం వద్ద, పైభాగాన, కొద్ది మీటర్ల అసలు పట్టాను, హాలేజి యంత్రాన్ని, ఒక వరుస టబ్బులను పని చేసే స్థితిలో నిలిపితే ఖర్చు స్వల్పం. వాటిని ఎట్లా తగిలించాలో, ఎట్లా ఆపాలో చేతులతో చూపగలిగిన ఫిల్లర్లు, ట్రామర్లు, హాలేజి డ్రైవర్లు నేడు విశ్రాంత జీవితంలో ఉన్నారు. ఇనుము తుప్పు పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. మనిషి నేర్పు అంతకాలం ఆగదు. ఆ పనివారి మాటలను, చెమ్మస్ వంటి పదాలను నమోదు చేయడం కూడా యంత్రాలను నిలపడంతో సమానమైన సంరక్షణే.

పామేడు పరిసరాలలో కొత్త పట్టాల ప్రస్తావన తిరిగి వినవస్తున్నది. మల్కన్‌గిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు సుమారు 173 కిలోమీటర్ల మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కొత్తగూడెం–కిరందుల్ మధ్య సుమారు 160 కిలోమీటర్ల మార్గానికి సర్వే కూడా చేపట్టారు. అది రూపుదాల్చితే బొగ్గు నేల, ఇనుప రాతి కొండ తొలిసారి నేరుగా కలుస్తాయి, నడుమ ఉన్న అడవి పల్లెల జీవితం మారుతుంది. 1883లో హైదరాబాదు విద్యావంతులు అడిగిన ప్రశ్న అప్పుడు మళ్లీ ఎదురవుతుంది. రైలు ఎవరి కోసం, ఏది మోసుకుపోవడానికి? ఆ ప్రశ్నను ఆలోచించే తరానికి, ఈ నేల మీద వెనుకటి పట్టాలు ఏమి మోసినవో, ఎవరి భుజాల మీద మోసినవో చెప్పగల సాక్ష్యం ఇల్లెందు గనులలోని టబ్బు. అది పాత ఇనుము కుప్పలో కరిగిపోకముందే కాపాడుకోవలసి ఉంది.